కొత్తగా కట్టించిన బాత్రూమ్‌లో నీళ్లు జాలీ వైపు పోవడం లేదు, గుమ్మం వైపు వస్తున్నాయి

గవాక్షం
పాత బాత్రూమ్‌ను మొత్తం తీయించి కొత్తగా కట్టించాం. మూడు వారాల్లో అయిపోతుందన్న పని తొమ్మిది వారాలు సాగింది. ఆలస్యమైతే అయింది, పని బాగుంటే చాలనుకున్నాం. మొదటి రోజు స్నానం చేసి చూస్తే నీళ్లన్నీ గుమ్మం మూల మడుగు కట్టి ఉన్నాయి. మా అబ్బాయి గోళీ తెచ్చి సరిగ్గా జాలీ పక్కన వదిలాడు. అది మెల్లగా దొర్లుకుంటూ వచ్చి గుమ్మానికి తగిలి ఆగింది.

అదొక్కటే కాదు. నేల టైల్స్ మీద, గోడ టైల్స్ మీద వేలి కణుపుతో కొడితే చాలాచోట్ల డొల్లగా మోగుతున్నాయి. గుమ్మం దగ్గర ఒక టైలు అంచు పక్కదానికంటే లేచి కాలి బొటనవేలికి తగులుతోంది. సింకు కింద అర తలుపు పూర్తిగా మూసుకోదు, లోపల గొట్టం అడ్డు. కాంట్రాక్టర్‌ను పిలిచి చూపిస్తే "కొత్తలో అలాగే ఉంటుందండీ, వాడుతూ ఉంటే సర్దుకుంటుంది" అని వెళ్లిపోయాడు. ఆ తరువాత ఫోను ఎత్తడం లేదు. నూటికి తొంభై వంతుల డబ్బు ఇచ్చేశాం.

మా నాన్నకు 78 ఏళ్లు. ఆ మూల నిలిచిన నీళ్లలోనే అడుగు వేసి ఆయన బయటికి రావాలి. నాకు కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. ఏం చేయాలో చెప్పండి.

నీటిచుక్క
వాటం, అంటే నీళ్లు జాలీ వైపు దిగే వాలు, వాడకంతో రాదు, గచ్చు పోసినప్పుడే రావాలి. ఆ మాట అన్నవాడికి పని తెలియకపోవచ్చు, లేదా మీకు తెలియదని అనుకుని ఉండవచ్చు. ముందు నాన్నగారిని ఆ బాత్రూమ్‌కు పంపకండి. మిగతావి తరువాత.

వెన్నెలమెట్లు
సరిగ్గా ఇదే మాట మాకూ చెప్పారు, రంగుల విషయంలో. గోడకు కొత్త ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదో రోజునే పుట్టీ పెట్టి రంగు వేసేశారు. "ఎండింది కదండీ, చేత్తో పట్టి చూడండి" అన్నారు. పైన ఎండింది నిజమే. నాలుగు నెలలకు రంగు బుడగలు బుడగలుగా లేచింది. గోరుతో గీరితే అప్పడంలా ఊడి చేతిలోకి వచ్చింది. దాని కింద తెల్లటి ఉప్పు పొడి. లోపలి చెమ్మ బయటికి వస్తూ లవణాలను మోసుకొచ్చి గోడ మీద వదిలేసిందట. కొత్త ప్లాస్టరింగ్‌కు రంగు వేసే ముందు 28 రోజులైనా ఆరనివ్వాలని ఆ తరువాతే తెలిసింది.

రాతిగోడ
మిగిలిన పది వంతులు ఇవ్వకండి. రేపే వేరే మేస్త్రీని పెట్టి నేల పగలగొట్టించండి. ఫోను ఎత్తనివాడి కోసం ఎదురుచూడడం దండగ.

రసమట్టం
రాతిగోడ గారూ, డబ్బు ఆపమన్నది సరే. కానీ రేపే పగలగొట్టమంటే నేను ఒప్పుకోను. వేరేవాళ్లు సుత్తి వేసిన మరుక్షణం మొదటి కాంట్రాక్టర్ "నా పని బాగానే ఉంది, వాళ్లు పాడుచేశారు" అంటాడు. ఆ పైన సాక్ష్యం ఉండదు.

నేను ముప్పై ఏళ్లు కట్టడాల దగ్గర పర్యవేక్షణ చేశాను, ఇప్పుడు మానేశాను. గవాక్షం గారూ, కొన్ని ప్రశ్నలు. నేల టైల్స్ ఏ రకం? అతికించడానికి మామూలు సిమెంటు వాడారా, సంచుల్లో వచ్చే జిగురు మందా? టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పూత వేయడం మీరు కళ్లారా చూశారా? దాని మీద నీళ్లు నిలిపి పరీక్షించారా? పని నడుస్తున్నప్పుడు తీసిన ఫోటోలు ఏమైనా ఉన్నాయా?

ఇక వాటం సంగతి. తడి ఉండే నేల మీటరుకు 1 నుంచి 2 సెంటీమీటర్ల చొప్పున జాలీ వైపు దిగాలి. స్నానం చేసే చోట 2 దగ్గరగా ఉంటే మంచిది. కొలవడం సులువే. వంకర లేని మీటరు పొడవు బద్ద తీసుకుని ఒక కొస గుమ్మం దగ్గర నేల మీద ఆనించండి, రెండో కొస జాలీ వైపు పెట్టి బద్ద మీద రసమట్టం (మట్టం చూసే, బుడగ ఉన్న పనిముట్టు) ఉంచండి. బుడగ మధ్యకు వచ్చేదాకా జాలీ వైపు కొస కింద చెక్కముక్కలు పేర్చండి. ఆ ముక్కల ఎత్తే మీ వాటం. మీ విషయంలో ముక్కలు గుమ్మం వైపు పెట్టాల్సి వస్తుందని భయపడుతున్నాను. కొలత కాగితం మీద రాసి, స్కేలు కనబడేలా ఫోటో తీయండి.

గవాక్షం
పెద్ద టైల్స్, నిగనిగలాడే విట్రిఫైడ్ రకం. సిమెంటుతోనే అతికించారు. వాటర్‌ప్రూఫింగ్ రోజు నేను ఇంట్లో లేను, సాయంత్రం వచ్చేసరికి దాని మీద ఇసుక, సిమెంటు పరిచేసి ఉన్నాయి. "రెండు పూతలు వేశాం" అన్నారు. నీళ్లు నిలిపి చూడాలని నాకు తెలియదు. గొట్టాల ఫోటోలు రెండు మూడు ఉన్నాయి.

రసమట్టం
అయితే డొల్ల శబ్దానికి కారణం దొరికినట్టే. విట్రిఫైడ్ టైలు నీటిని పీల్చే శాతం 0.5 లోపే. మామూలు సిమెంటు పాలు టైలు వెనక రంధ్రాల్లోకి ఇంకి గట్టిపడితేనే పట్టు వస్తుంది, దీనికి ఆ రంధ్రాలే లేవు. అందుకే వీటికి పాలిమర్ కలిసిన జిగురు మందు, అదీ పళ్లున్న తాపీతో గీతలు గీతలుగా పరిచి అతికించాలి. టైలు వెనక భాగం పొడి గదుల్లో నూటికి 80 వంతులు, తడి గదుల్లో 95 వంతులు మందుకు అంటుకుని ఉండాలన్నది చాలామంది పాటించే లెక్క. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి పెట్టి నొక్కేస్తే మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి నీళ్లు చేరతాయి, వాసన వస్తుంది, బరువు పడితే టైలు పగులుతుంది.

అయితే అక్కడక్కడ ఒక అంచు మోగినంత మాత్రాన అన్నీ పీకేయాల్సిన పని లేదు. ఏవేవి మోగుతున్నాయో కాగితం ముక్కలు అంటించి గుర్తు పెట్టండి.

తీగమల్లె
మాది వంటగది కథ. నీటిని తట్టుకునే ప్లైవుడ్ అని మాట్లాడుకున్నాం. వేసింది గాలిలో తేమను మాత్రం తట్టుకునే రకం. బయట అంటించిన రేకు ఒకటే కాబట్టి మాకు తేడా తెలియలేదు. సింకు కోసం కోసిన చోట చెక్క అంచులకు ఏ పూతా లేదు, పచ్చిగా వదిలేశారు. ఆరు నెలల్లో అర కింది పలక రొట్టెలా ఉబ్బింది. మా చిన్నది చూసి "అమ్మా, అలమరకు గవదబిళ్లలు వచ్చాయా?" అని అడిగింది. అందరం నవ్వాం. రాత్రి మాత్రం నాకు ఏడుపొచ్చింది, ఆ వంటగది కోసం రెండేళ్లు డబ్బు కూడబెట్టుకున్నాం.

నీటిచుక్క
చిన్నపిల్లకు తట్టింది కాంట్రాక్టర్‌కు తట్టలేదు చూడండి. సింకు కోసిన అంచులకు సిలికాన్ గాని, వార్నిష్ గాని పట్టించడానికి పావుగంట చాలు.

చెక్కపని
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నేను వడ్రంగిని, మా నాన్నా వడ్రంగే. తీగమల్లె గారికి జరిగింది మోసం, అందులో రెండో మాట లేదు. కానీ ప్రతి చెడ్డ పనికీ పనివాడినే దొంగను చేయకండి.

గవాక్షం గారూ, మీరు పని మాట్లాడుకున్నది ఒకరితో. ఆయన గుత్తకు తీసుకుని, అందులో నుంచి టైల్స్ పని వేరొకరికి ఇచ్చి ఉంటాడు, ఆ మనిషి ఇంకో ఇద్దరు కుర్రాళ్లను పంపి ఉంటాడు. చివరకు మీ నేల మీద కూర్చున్నవాడికి చదరపు అడుగు లెక్కన చాలా తక్కువ ముడుతుంది. ఎన్ని అడుగులు వేస్తే అంత కూలి. వాటం చూసుకుంటూ, తాడు కట్టుకుంటూ వేస్తే ఆ రోజు అతనికి కూలి గిట్టదు. నేను ఇలాంటి పనులు చేశాను. తలుపు దించి మళ్లీ చిత్రిక పట్టాలని ఉంటుంది, కాని సాయంత్రానికి ఇంకో ఇంటికి వెళ్లాలి.

ఇంకోటి. సగం పని అయ్యాక "సింకు ఇటు కాదు, అటు పెట్టండి" అనే యజమానులు ఎందరో. గొట్టం అడ్డు రావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

రాతిగోడ
కూలి గిట్టకపోతే పని ఒప్పుకోకూడదు. తక్కువ కూలికి చెడ్డ పని చేస్తానని ముందే చెప్పి ఎవరూ రారు కదా.

చెక్కపని
నిజమే, ఒప్పుకుంటాను. కాని ముగ్గురి దగ్గర ధర అడిగి, అందరికంటే తక్కువ చెప్పినవాడిని ఎంచుకునేటప్పుడు "ఇంత తక్కువకు ఎలా చేస్తావు?" అని ఒక్క ప్రశ్న అడగండి.

గవాక్షం
చెక్కపని గారూ, మీ మాటలు నన్ను ఆలోచింపజేశాయి. సింకు మేము మార్చిన మాట నిజం, కాని గొట్టాలు వేయకముందే, కాగితం మీద మార్చాం. ఇక ధర... మేం ఎంచుకున్నది నడిమి ధర చెప్పిన వారిని. టైల్స్ వేయడానికి వచ్చిన కుర్రాడు ఎవరో మాకు తెలియదు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. మంచినీళ్లు ఇస్తే తాగడానికి కూడా లేవకుండా పని చేసేవాడు. అతని మీద నాకు కోపం లేదు. డబ్బు తీసుకున్నాయన ఒక్కరోజు కూడా వచ్చి రసమట్టం పెట్టి చూడలేదు, నా కోపమంతా ఆయన మీదే.

వెన్నెలమెట్లు
ఈ ఒక్క మాట దగ్గర అందరం కలుస్తాం. పర్యవేక్షణ చేస్తానని డబ్బు తీసుకున్నవాడు పర్యవేక్షణ చేయాలి.

కరెంటుతీగ
నీళ్ల గొడవలో అసలు ప్రమాదం మరిచిపోకండి. బాత్రూమ్‌లో గీజరు ఉందా? దాని సాకెట్‌కు ఎర్త్ తీగ నిజంగా కలిపారో లేదో లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మూడు రంధ్రాల సాకెట్ పెట్టి, మూడో రంధ్రం వెనక తీగే లేకుండా వదిలేసినవి నేను లెక్కలేనన్ని విప్పాను. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, ఉండాలి. దాని మీద పరీక్ష బొత్తాం ఉంటుంది, నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ బాత్రూమ్‌ను ఎవరూ వాడవద్దు.

గవాక్షం
నొక్కి చూశాను, పడింది. ఎర్త్ రేపు చూపిస్తాను. ఈ సంగతి నా ఆలోచనలోనే లేదు, మీకు చాలా రుణపడ్డాను.

పాతగడప
ఈ బాధ నిన్నమొన్నటిది కాదు. బాబిలోన్ రాజు హమ్మురాబి సుమారు క్రీ.పూ. 1750లో రాతి మీద చెక్కించిన చట్టాల్లో ఇల్లు కట్టేవారి గురించి కొన్ని ఉన్నాయి. 233వ చట్టం ప్రకారం కట్టిన ఇంటి గోడ ఒరిగిపోతే, కట్టినవాడు సొంత ఖర్చుతో దాన్ని గట్టిపరచాలి. 229వ చట్టం ఇంకా కఠినం, ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష. ఆ శిల ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

రాతిగోడ
మనకు 233 చాలండీ, 229 దాకా వెళ్లవద్దు.

రసమట్టం
ఆ 233వ చట్టం ఇప్పుడూ పనికొస్తుంది, కాగితం మీద రాసుకుంటే. తప్పు పని తన ఖర్చుతో సరిచేయాలని ఒప్పందంలో ఒక్క వాక్యం ఉన్నా బలమే. గవాక్షం గారూ, మీ ఒప్పందంలో ఏముంది?

గవాక్షం
ఒక పేజీ ఉంది. "పని పూర్తయిన ఏడాది లోపు లోపాలు వస్తే సరిచేస్తాం" అని ఉంది, సంతకం కూడా ఉంది. ఏ లోపాలో రాయలేదు.

రసమట్టం
అది చాలు. ఇలా చేయండి. జాలీకి గుడ్డ, దాని మీద పాలిథీన్ సంచి కుక్కి గట్టిగా మూయండి. గుమ్మానికి అడ్డంగా తడి ఇసుక మూట పెట్టండి. నేల మీద రెండు మూడు సెంటీమీటర్ల లోతు నీళ్లు నింపి, గోడ మీద నీటి అంచు దగ్గర పెన్సిలుతో గీత గీసి, 24 గంటలు వదిలేయండి. ఆవిరై కొద్దిగా తగ్గుతుంది, అది వేరు. గీత కంటే బాగా దిగితే నీళ్లు ఎక్కడికో పోతున్నట్టే. కింద ఎవరైనా ఉంటే ముందే చెప్పి, వాళ్ల సీలింగు ఫోటో పరీక్షకు ముందొకటి, తరువాతొకటి తీయండి. ఆ పైన అన్నీ కలిపి కాంట్రాక్టర్‌కు రాతపూర్వకంగా పంపండి. ఫోనులో మాట్లాడవద్దు. పది రోజుల గడువు పెట్టండి. కోపపు మాట ఒక్కటి కూడా రాయకండి, కొలతలు రాయండి.

తీగమల్లె
"కొలతలు రాయండి" అన్నది బంగారంలాంటి మాట. నేను మూడు పేజీలు నా బాధంతా రాసి పంపితే జవాబే రాలేదు.

గవాక్షం
ఐదు రోజుల తరువాత రాస్తున్నాను. పరీక్ష చేశాం. 24 గంటల్లో నీళ్లు పెన్సిలు గీత కంటే వేలెడు మందం దిగాయి. కింది ఇంటివాళ్లు పిలిచి చూపించారు, సీలింగు మీద గొట్టం చుట్టూ అరచేతి వెడల్పున చెమ్మ. పరీక్షకు ముందు తీసిన ఫోటోలో ఆ మచ్చ లేదు. వాటం కొలిస్తే రసమట్టం గారు భయపడ్డట్టే చెక్కముక్క గుమ్మం వైపు పెట్టాల్సి వచ్చింది, మీటరుకు 6 మిల్లీమీటర్లు ఎదురు వాటం. డొల్ల మోగే టైల్స్ నేల మీద 31లో 14. అంతా రెండు పేజీల్లో రాసి, ఫోటోలు జతచేసి పంపాను. రెండో రోజే కాంట్రాక్టర్ ఫోను చేశాడు.

నీటిచుక్క
ఏమన్నాడు?

గవాక్షం
మొదట "గ్రౌట్ మళ్లీ నింపిస్తాను, ఆగిపోతుంది" అన్నాడు. టైల్స్ మధ్య సందుల్లో నింపేదాన్నే గ్రౌట్ అంటారట.

రసమట్టం
ఒప్పుకోవద్దు. గ్రౌట్ నీళ్లను ఆపే పొర కాదు, సిమెంటు గ్రౌట్ అయితే నీటిని పీలుస్తుంది కూడా. నీళ్లను ఆపాల్సింది టైల్స్ కింద ఉన్న పూత. పైన ఎంత నింపినా నాలుగు నెలలు వాయిదా పడుతుందంతే.

గవాక్షం
మీరు ఇది రాయకముందే ఆయన మనిషిని పంపాడు. నేను గ్రౌట్ వద్దన్నాను, గుమ్మం దగ్గరి టైలు ఒకటి తీసి చూద్దాం అన్నాను. ఉలి కొన అంచు కింద పెట్టి ఒక్క దెబ్బ కొట్టగానే టైలు మొత్తం పళ్లెంలా పైకి వచ్చేసింది, ముక్క కాలేదు. తిప్పి చూస్తే వెనక భాగం అద్దంలా శుభ్రంగా ఉంది. టైలు కింద ఐదు సిమెంటు ముద్దలు ఎక్కడివక్కడే ఉన్నాయి, నడుమ నిలిచిన నీళ్లు, ఆ నీళ్లలో ఒక గుండుసూది. ఇంకా కిందికి వెళితే వాటర్‌ప్రూఫింగ్ ఒక పూతే. గోడ, నేల కలిసే మూల పైకి ఎక్కించనే లేదు. గొట్టం చుట్టూ సందులో సిమెంటు సంచి కాగితం కుక్కి పైన పూశారు.

కాంట్రాక్టర్‌ను అక్కడికే రప్పించాను. ఆయన ఆ కాగితం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "దీన్ని నేను చూడలేదమ్మా" అన్నాడు. అదే కదండీ నేను అడుగుతున్నది, ఎందుకు చూడలేదని.

చెక్కపని
సంచి కాగితం కుక్కడం పనివాడి తప్పే. ఇక్కడ నేను ఎవరినీ వెనకేసుకు రాను.

కరెంటుతీగ
ఎర్త్ చూపించారా?

గవాక్షం
చూపించాను. గీజరుది కలిపే ఉంది. అద్దం పక్క సాకెట్‌కు మాత్రం లేదు! అదే రోజు వేయించాం.

ఇప్పుడు ఒప్పందం ఇది: నేల మొత్తం తీసి మళ్లీ వేస్తారు, కూలి, మందు ఆయనవి. పగిలే టైల్స్ ఖర్చు చెరి సగం. పది వంతుల డబ్బు అంతా అయ్యాక. సగం ఖర్చు నేను ఎందుకు ఒప్పుకున్నానని రాతిగోడ గారు అడుగుతారని తెలుసు. నాన్న రోజూ పక్కింటికి వెళ్లి స్నానం చేసి వస్తున్నారు. నాకు త్వరగా పూర్తి కావాలి.

రాతిగోడ
అడగను. మీ స్థానంలో నేనున్నా అదే చేసేవాడిని. ఈసారి మాత్రం కనబడకుండా పోయే ప్రతి పనినీ మూసేముందు చూడండి.

రసమట్టం
ముఖ్యమైనవి రాస్తాను, వాళ్ల ముందు పెట్టుకోండి. గొట్టం చుట్టూ సందు ముడుచుకోని గ్రౌట్‌తో నింపాలి, కాగితాలు, ఇటుక ముక్కలు వద్దు. మూలలు కోణంగా కాకుండా గుండ్రంగా మెత్తించి, పూతను గోడ మీదికి కనీసం ఒక అడుగు ఎక్కించాలి, స్నానం చేసే వైపు తల ఎత్తు దాకా. మొదటి పూత నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా. ఆరే గడువు డబ్బా మీదే రాసి ఉంటుంది, అది దాటాకే నీళ్లు నిలపాలి. ఈసారి 48 గంటలు. కింది ఇంటి సీలింగు పొడిగా ఉంటేనే టైల్స్.

టైల్స్ రోజు ఐదారింటికి ఒకటి చొప్పున, వేసిన వెంటనే ఎత్తి వెనక చూపించమనండి. మంచి మేస్త్రీ నొచ్చుకోడు.

గవాక్షం
రెండు వారాల తరువాత. 48 గంటలు నీళ్లు నిలిచాయి, కింద చుక్క చెమ్మ లేదు. టైల్స్ వేయడానికి ఈసారి వేరే ఆయన వచ్చాడు, తల నెరిసినవాడు. ఎత్తి చూపించమని అడగడానికి నేను మొహమాటపడుతుంటే మూడో టైలు ఆయనే ఎత్తి నా ముఖం ముందు పెట్టాడు. వెనక అంతా బూడిద రంగు మందు, గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఖాళీ ఒక్కచోట, బొటనవేలి గోరంత. "ఇదీ ఉండకూడదు" అని మళ్లీ పూసి పెట్టాడు. మధ్యలో రెండుసార్లు చెంబుతో నీళ్లు పోసి అవి ఎటు పోతున్నాయో చూసుకున్నాడు, నేను అడగకుండానే.

గ్రౌట్ రేపు. సింకు అర తలుపు ఇంకా మూసుకోదు, చెక్కపని గారూ, దానికి ఉపాయం చెప్పండి.

చెక్కపని
గొట్టం తలుపుకు తగులుతోందా, అర నడిమి పలకకా? ఒక ఫోటో పెట్టండి. పలకకైతే అర్ధచంద్రంలా కోస్తే సరిపోతుంది. కోసిన అంచుకు వార్నిష్ మరిచిపోవద్దు.